మా ఇంటాయన పేరు

నా బిడ్డ తలకాయ ఆపరేషన్లు చేసే డాక్టరు. అందులోనూ మెదడులో గడ్డలు లేచినవాళ్లకే చేస్తుంది. ఈ మాట నేను మా వాడలో మొదటిసారి చెప్పినప్పుడు, బియ్యం చెరుగుతున్న ఎదురింటి ముసలామె చాట కింద పెట్టేసింది.

"ఆడిపిల్ల పుర్రె కోస్తదా?" అంది.

"కోసుడే కాదు, మల్ల కుడ్తది గూడ" అన్నాను.

పైకి గట్టిగానే అన్నాను. కానీ ఆనాడు పట్టుకున్న భయం ఈనాటికీ వదలలేదు. బెండకాయ కోస్తూ వేలు తెగితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చిన పిల్ల అది. ఆ చేతులతో ఇంకొకరి మెదడు ముట్టుకుంటుందంటే కన్నదాన్ని, నాకే నమ్మకం కుదరడానికి ఏళ్లు పట్టింది.

మాది కాగజ్‌నగర్. మా ఇంటాయన కాగితం మిల్లులో పనిచేసేవాడు. గాలి మళ్లినప్పుడల్లా ఉడికిన గుజ్జు వాసన ఇళ్లలోకి వచ్చేది, ఆరేసిన చీరలకు కూడా అదే వాసన. నేను ఐదో తరగతితో బడి మానేశాను. బిడ్డ మాత్రం మానలేదు. అది తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇళ్ల వరసలో ఒక కొత్త కోడలు ఉండేది. డిగ్రీ చదివిన పిల్ల. నా బిడ్డకు లెక్కలు చెప్పేది. ఆ పిల్లకు పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతులు. తలకు గుడ్డ బిగించి కట్టుకునే ముగ్గు వేసేది. వాడంతా సంబరపడింది. ఒకరు చింతకాయలు తెచ్చిచ్చారు, ఒకరు పచ్చి మామిడికాయ. వాళ్ల అత్త అయితే పుట్టబోయేది మగపిల్లవాడని కూడా చెప్పుకుంది.

ఒకనాడు నా బిడ్డ లెక్కల పుస్తకం పట్టుకుని తిరిగొచ్చింది. "అవ్వా, అక్క గిలాస పక్కకు చెయ్యి వెడ్తుంది. గిలాస దొరుకుతలేదు. ఆమెకు కండ్లు కనవడ్తలేవు" అంది.

అప్పుడు హైదరాబాదు తీసుకుపోయారు. కడుపులో ఏమీ లేదు. ఉన్నదంతా తలలో ఉంది. ఆ పిల్ల తిరిగి రాలేదు. నా బిడ్డ ఆ తర్వాత చాలా రోజులు వాళ్ల ఇంటి ముందు నుంచి బడికి పోలేదు, వెనక సందులో నుంచి చుట్టూ తిరిగి పోయేది. ఇంటర్‌లో చేరేటప్పుడు డాక్టరు చదువుతానంది. ఏ డాక్టరో అప్పుడు చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగకుండానే నాకు తెలుసు, అందుకే అడగలేదు.

ఆ చదువు ఎంతకీ తెగలేదు. ఒకటి అయిపోయిందనుకుంటే దాని మీద ఇంకొకటి. మధ్యలో మిల్లు మూతపడింది. చప్పుడు ఆగిపోయిన ఊరు ఎలా ఉంటుందో అప్పుడు చూశాం. టీ పొడి రెండోసారి మరిగించుకుని తాగాం. ఒక్క పొయ్యి మంట మీదే కింద పప్పు, పైన నీళ్లు. మా ఇంటాయన సైకిలు తుడుచుకుంటూ వాకిట్లో కూర్చునేవాడు. ఒక పెళ్లిలో మా చుట్టపామె పదిమందిలో నన్ను పట్టుకుంది.

"ముప్పయ్యేండ్లు దాటినయ్ గద, ఇంకా సదువేనా? నీ బిడ్డ పాసైతలేదా ఏంది వదినా?"

"తలకాయల సదువు గది. అందరి తలకాయలు నీ తలకాయ లెక్క ఖాళీగుంటే ఒక్క దినంల ఒడిసిపోతుండె" అన్నాను.

ఆమె ఆ రోజు నా పక్కన బంతిలో కూర్చోలేదు.

చదువు అయ్యాక హైదరాబాదులోనే ఉండమని అందరూ చెప్పారు. అది వినలేదు, కరీంనగర్ వచ్చింది. అల్లుడు కూడా డాక్టరే, పిల్లల డాక్టరు. ఆయన కూడా సరే అన్నాడు. "మనోళ్లు హైదరాబాద్ పోయేదాక ఆగుతరు అవ్వా. ఆగేసరికి కండ్లు పోతయ్" అంది నా బిడ్డ. దాని మనసులో ఆ గిలాస ఇంకా ఉందని తెలుసుకున్నాను.

మనవరాలు పుట్టినప్పుడు పోయి కరీంనగర్‌లో చాలా నెలలు ఉన్నాను. ఆ పని ఎలాంటిదో అప్పుడు దగ్గరగా చూశాను. ఆపరేషన్ మంచిగా అయిన రోజు ఇంటికొస్తూనే గిన్నెల మూతలు తీసి చూసేది. అలా కాని రోజు వంటింట్లో పీట వేసుకుని, పళ్లెంలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరేది. ఈ కాలం బియ్యంలో రాళ్లెక్కడివి? ఒక్కటీ దొరికేది కాదు. అయినా ఏరేది. నేను పక్కనే ఉండి పని చేసుకునేదాన్ని. కొన్నాళ్లకు దాని చేయి బియ్యం డబ్బా మీద పడితే చాలు, నాకు తెలిసిపోయేది. ఎవరి ఇంట్లోనో ఏడుపు మొదలైందని దానర్థం.

ఒకసారి ఒక పేషెంటు వాళ్లు దవాఖానలో అద్దాలు పగలగొట్టారు. ఆ రోజు అది ఇంటికొచ్చాక చెప్పుల్లో నుంచి గాజు పెంకు తీసి చెత్తబుట్టలో వేసింది. "ఇడిసిపెట్టు బిడ్డా ఈ పని. జరాలు, దగ్గులు చూసుకో" అన్నాను. "వాళ్ల కోపం నామీద కాదవ్వా" అంది. ఎవరి మీద అని నేను అడగలేదు. మర్నాడు పొద్దున అది మళ్లీ పోయింది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టిన సంగతి ఇంకొకటి. గడ్డ మాటలు పుట్టే జాగా పక్కన ఉంటే, పుర్రె తెరిచాక మనిషిని లేపుతారు. లేపి మాట్లాడిస్తారు. ఇది మొదటిసారి విన్నప్పుడు నేను పప్పు గుత్తి చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

"తల తెర్సిపెట్టి మాట్లాడిస్తరా? గంత నొప్పి మనిషి ఎట్ల ఓర్సుకుంటడే?"

"మెదడుకు నొప్పి తెల్వదవ్వా. తోలుకు తెలుస్తది, దానికి మందిస్తం. సన్నపు తీగెతోని మెదడు మీద జరంత కరెంటు తాకిస్తం. ఆ జాగ మాటలదైతే మనిషి మాట్లాడుకుంట మాట్లాడుకుంట టక్కున ఆగుతడు. తీగె తీస్తే మల్ల మాటొస్తది. గా జాగ మేం ముట్టం. గడ్డ ఉన్నా గట్లనే ఇడిసిపెట్టి వస్తం."

"ఇడిసిపెడ్తే?"

"మల్ల పెరుగుతది" అంది. అని గ్యాసు మీద పాలు పొంగుతున్నాయని అటు పోయింది.

అందరు డాక్టర్లూ అప్పుడు బొమ్మల అట్టలు చూపించి ఇదేంటి, అదేంటి అని అడుగుతారట. నా బిడ్డకు అది నచ్చలేదు. మన ఊళ్లవాళ్లకు అట్ట చూపిస్తే బళ్లో పంతులు అడిగినట్టు బిగుసుకుపోతారంది. బిగుసుకుని ఆగారో, కరెంటు తాకి ఆగారో ఎలా తెలుస్తుంది? అందుకని ఎవరి పని గురించి వాళ్లనే అడుగుతుంది. దుబాయి నుంచి వచ్చినవాడైతే ఇంటి తెలుగూ, పని దగ్గరి హిందీ రెండూ మాట్లాడించి చూస్తుంది. ఆదిలాబాదు వైపు నుంచి ఒకామె వస్తే, ఆమె తల్లితో మరాఠీలో మాట్లాడుతుందని తెలుసుకుని మరాఠీ వచ్చిన నర్సును పక్కన కూర్చోబెట్టింది. నేను కాగజ్‌నగర్‌లో ఉన్నా నాకు ఫోన్ వచ్చేది.

"అవ్వా, బీడీలు చేసేటామెను ఏం అడగాలె?"

"ఆకు ఎట్ల నానవెడ్తవ్, ఎట్ల కత్తిరిస్తవ్ అని అడుగు. ఆకు మంచిగుంటదా అని అడుగు. గంతే. తిట్టుకుంటనే ఉంటది, ఆగది."

అలా చెప్పిన రోజు నాకు అన్నం దిగేది కాదు. ఎన్నడూ చూడని మనిషి, తెరిచిన తలతో నేను చెప్పిన ప్రశ్నకు జవాబు చెబుతూ ఉంటుంది. సాయంత్రం నేనే ఫోన్ చేసేదాన్ని. ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. "మాట ఉందా?" అని అడిగేదాన్ని. "ఉందవ్వా" అంటే పెట్టేసేదాన్ని. ఒకసారి "మనసుల ఉంది, నోటికొస్తలేదు" అంది. అదెలా అని అడిగితే, కొందరికి మాట లోపల తెలుస్తూనే ఉంటుందనీ, నాలుక మీదికి మాత్రం రాదనీ, నోటితో పలికిస్తే తప్ప ఉన్నదీ లేనిదీ తెలియదనీ చెప్పింది. ఆ మాట నాలో పాతుకుపోయింది.

పోయిన ఎండాకాలం కిరాణా దుకాణంలో నిలబడి ఉప్పు అడగబోయాను. ఉప్పు అన్న మాట లేదు. తెల్లగా, డబ్బాలో, పప్పులో వేసేది, అంతా తెలుసు. మాట లేదు. చేయి చూపించాను. దుకాణం అబ్బాయి నవ్వాడు.

"ఏందత్తమ్మా, బేరం చెయ్యంది కొనవు, ఇయ్యాల మూగబేరమా?"

ఇంటికొచ్చేదారిలో ఉప్పు అన్న మాట దానంతట అదే వచ్చింది. ఎండ దెబ్బ అనుకున్నాను. అనుకున్నాను అంతే, నమ్మలేదు. రెండు మూడు రోజులకు మా ఇంటాయన నల్లా సరిగ్గా కట్టేయలేదని, నీళ్లన్నీ పోతున్నాయని తిడుతున్నాను. తిట్టు సగంలో ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, లోపల నుంచి ఏమీ రావడం లేదు. ఆయన కాసేపు మిగతా సగం కోసం చూశాడు. రాకపోయేసరికి ముఖం తెల్లబడింది. నేను వద్దని చేయి ఊపుతున్నా ఫోన్ చేశాడు.

"బిడ్డా, మీ అవ్వ నన్ను సగం తిట్టి ఆపింది. ఏందో అయిందే."

నా బిడ్డ నవ్వలేదు. అప్పుడే బయలుదేరమంది. పెద్దపల్లి స్టేషన్‌కు తనే కారు వేసుకుని వచ్చింది. దారి పొడుగునా నన్ను మాట్లాడిస్తూనే ఉంది. వంకాయలు ఎలా ఉన్నాయి, పక్కింటివాళ్ల గేదె ఈనిందా. అది కూతురు అడిగే అడుగుడు కాదని నాకు తెలుస్తూనే ఉంది.

స్కానింగ్ బొమ్మ వచ్చినప్పుడు నేను బొమ్మను చూడలేదు, దాని ముఖం చూశాను. కింది పెదవి పంటి కింద పెట్టుకుంది. బియ్యం ఏరేటప్పుడు కూడా అలాగే పెట్టుకుంటుంది.

"గడ్డ ఉందవ్వా. చిన్నదే. మెల్లగ పెరిగే రకమే అనిపిస్తుంది. మాటల జాగ పక్కన."

"నువ్వు కోస్తవా?"

"నేను కొయ్య. నాకు నేర్పిన సారు హైదరాబాద్ నుంచి వస్తరు."

"ఎందుకు కొయ్యవ్? ఇంతమందిని కోసినవ్."

"నా చెయ్యి వణుకుతదవ్వా" అంది. అది డాక్టరయ్యాక నా ముందు అలాంటి మాట అనడం అదే మొదలు. గడ్డ ఉందన్నప్పటికన్నా అప్పుడు నాకు ఎక్కువ భయమేసింది.

నేను పోతానేమోనని భయపడలేదని చెప్పను. కానీ అంతకన్నా పెద్ద భయం నోరు పోతుందని. నా బతుకులో నేను అన్నీ చూసి చూసి వాడాను. నూనె, బట్ట, కరెంటు, అన్నీ. చూడకుండా వాడింది ఒక్క నోరే. ఆ నోటితోనే ఇల్లు నడిపాను. మిల్లు మూతపడినప్పుడు మా ఇంటాయన వాకిట్లో కూలబడితే ఆ నోటితోనే లేపాను. మాట లేకుండా ఒక మూలన కూర్చోబెట్టిన మనిషిని మా చుట్టాల్లో చూశాను. పిల్లలు ఆమె ముందే ఆమె గురించి మాట్లాడుకునేవాళ్లు. నేను అలా కూర్చోలేను.

మా ఇంటాయన వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కాడు. "పని అయినంక కట్టు. ముందుగాలనే కడ్తే ఆయనకు మాత్రం ఏం ఫికర్ ఉంటది?" అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు.

ఆపరేషన్‌కు ముందు నర్సు నా తల గొరగడానికి వచ్చింది. ఎంత కావాలో అంతే తియ్యమన్నాను. ఒక పక్క తీసింది. తీసిన వెంట్రుకలు పారేయబోతే ఆపి, కవర్లో కట్టి ఇమ్మన్నాను. సవరానికి పనికొస్తుంది కదా. ఆమె నా బిడ్డ వైపు చూసింది. "ఇయ్యి" అంది నా బిడ్డ.

లోపల నాతో మాట్లాడడానికి ఒక చిన్న డాక్టరమ్మను పెట్టారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల, కళ్లద్దాలు, మెత్తటి గొంతు. నా బిడ్డే ఆమెకు అన్నీ చెప్పింది. ఏమేం అడగాలో, దేనికి నేను లొడలొడా మాట్లాడతానో. తను మాత్రం బయటే ఉంటానంది. "నా ముఖం చూస్తే నీకు భయమైతది. నీ ముఖం చూస్తే నాకైతది. సారు వద్దన్నరు" అంది. నా చేయి వదిలేటప్పుడు, "నువ్వు ఎంత తిడ్తే గంత మంచిదవ్వా" అని చెవిలో చెప్పింది.

మెలకువ వచ్చేసరికి తల కదలడం లేదు. మరలు బిగించి పట్టినట్టుంది. ముఖం మీద గుడ్డ గుడారంలా కట్టి ఉంది. దాని కింద నేను, నాకెదురుగా ఆ డాక్టరమ్మ కళ్లద్దాలు. సారు గొంతు నా తల వెనక నుంచి వస్తోంది. అక్కడ నా పుర్రెకు కిటికీ ఉందనీ, దాంట్లో నుంచి ఆయన లోపలికి చూస్తున్నాడనీ నాకు తెలుసు. నొప్పి లేదు. నొప్పి ఉన్నా బాగుండేది, అది ఎక్కడ ఉందో తెలిసేది. చలి, మందుల వాసన, ఏదో యంత్రం ఆగకుండా కూస్తున్న చప్పుడు.

"అమ్మా, సర్వపిండి ఎలా చేస్తారు?" అంది డాక్టరమ్మ.

చెప్పాను. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు. గిన్నెకు పిండి ఎలా ఒత్తాలో, వేలితో బొక్కలు ఎలా పెట్టాలో. నూనె మాత్రం చూసి పోయాలని రెండుసార్లు చెప్పాను. తర్వాత కాగజ్‌నగర్ నుంచి పెద్దపల్లి దాకా రైలు స్టేషన్లు చెప్పమంది. అది నా బిడ్డ పెట్టిన ప్రశ్నే. ఎన్నిసార్లు తిరిగిన దారి.

"ఆసిఫాబాద్ రోడ్డు, బెల్లంపల్లి, మందమర్రి, మంచిర్యాల..."

తర్వాతది లేదు. గోదావరి వంతెన కళ్లకు కనబడుతోంది. రైలు వంతెన మీద చేసే చప్పుడు కూడా చెవుల్లో ఉంది. నదిలోకి పైసలు విసిరేవాళ్ల చేతులు కనబడుతున్నాయి. వంతెన దాటాక వచ్చే ఊరు కనబడుతోంది. పేరు లేదు. బావిలో బొక్కెన వదిలితే నీళ్లు తగలకుండా కిందికి పోతూనే ఉన్నట్టుంది. అరవాలనుకున్నాను, దానికీ గొంతు లేదు.

"ఇక్కడ గుర్తు పెట్టండి" అన్నాడు సారు.

"రామగుండం!" అని నా నోటి నుంచి ఊడిపడింది.

డాక్టరమ్మ నా చేయి నొక్కింది. ఇదేనన్నమాట, నా బిడ్డ చెప్పింది. ఇన్నేళ్లుగా "మాట ఉందా?" అని నేను ఫోన్‌లో అడిగిన వాళ్లందరూ ఈ బావిలోకి తొంగిచూసి వచ్చినవాళ్లే.

ఆ తర్వాత చాలాసేపు పని నడిచింది. అడగడం, చెప్పడం. అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పట్టినట్టుంది, నా బిడ్డ చెప్పిన ప్రశ్నలు అయిపోయాయి. డాక్టరమ్మ తనకు తోచింది అడిగింది.

"అమ్మా, మీ ఆయన పేరు చెప్పండి."

నేను మాట్లాడలేదు.

మొగుడి పేరు నేను జీవితంలో ఒక్కసారే పలికాను. పెళ్లయి అత్తగారింట్లో అడుగుపెట్టేటప్పుడు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే, తలవంచుకుని ఒక్కసారి చెప్పాను. ఆ తర్వాత లేదు. రేషన్ కార్డు దగ్గర అడిగితే వెనక నిలబడిన ఆమెతో చెప్పించాను. పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ నాకు చెప్పింది. అది నిజమో కాదో నాకు తెలియదు, కానీ పరీక్ష చేసి చూసే సంగతి కాదు కదా.

"అమ్మా? మీ ఆయన పేరు?"

"ఆగిందా?" అన్నాడు సారు.

"ఆగింది సార్."

"మళ్లీ అడుగు."

మళ్లీ అడిగింది. నా నోరు మూసుకునే ఉంది.

"ఇక్కడ కూడా మాట ఉన్నట్టుంది. ఈ ముక్క వదిలేద్దాం" అన్నాడు సారు.

వదిలేద్దాం. గ్యాసు మీద పాలు పొంగిన రోజు నా బిడ్డ చెప్పిన మాట అది. వదిలేస్తే మళ్లీ పెరుగుతుంది. నా తలలో గడ్డ ముక్క ఒకటి మా ఇంటాయన పేరు మీద మిగిలిపోతుంది. చెప్పాలి. చెప్పబోయాను. నోరు ఎండిపోయి నాలుక అంగిట్లో అతుక్కుంది. అప్పుడు వచ్చింది అసలు భయం. ఇప్పుడు ఆగింది నేను ఆగిందా, ఆ తీగె ఆపిందా? నాకే తెలియడం లేదు. నేనే చెప్పడం లేదని అనుకుంటున్నాను, ఒకవేళ చెప్పలేకపోతున్నానేమో. బొక్కెన మళ్లీ కిందికి పోతున్నట్టే ఉంది. నాలుకను బలం పెట్టి పెళ్లగించాను.

"ఆగుండ్రి సారూ! మాట పోలే. మొగని పేరు ఎవ్వలన్న చెప్తరా? పుర్రె తెర్సినా నేను చెప్ప. ఇంకోటి అడుగుండ్రి!"

గుడ్డ అవతల ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"భయపెట్టేశారమ్మా" అన్నాడు సారు.

"మీరు నాకు వెట్టిన భయం ముంగట గిదెంత సారూ?"

"సరే, పేరు వద్దు. మీ ఆయన ఎలాంటివారో చెప్పండి. ఆపకుండా చెప్పాలి."

చెప్పాను. నల్లా కట్టేయడనీ, తడి తువ్వాలు మంచం మీద వేస్తాడనీ, సంచి తీసుకుపోకుండా అంగడికి పోయి ప్రతిసారీ కొత్త కవరు తెస్తాడనీ. ఆ ముక్క తీసినంతసేపూ మా ఇంటాయన్ని తిడుతూనే ఉన్నాను. తిట్టడం ఆపితే బావిలో పడతానన్నట్టు తిట్టాను.

మంచం మీద కళ్లు తెరిచేసరికి నా బిడ్డ పక్కన నిలబడి ఉంది. బయట ఉన్నంతసేపూ పెట్టుకున్న టోపీ ఇంకా తలమీదే ఉంది. "మాట ఉందా అవ్వా?" అంది. ఇన్నేళ్లు నేను అడిగిన మాట. ఉందన్నాను. అది అక్కడే, నర్సుల ముందే, మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయింది.

తర్వాత కొన్ని వారాలు తలకు రేడియేషన్ ఇచ్చారు, మావాళ్లు కరెంటు పెట్టడం అంటారు. తల మిగతా సగంలో వెంట్రుకలు కూడా ఊడాయి. కాగజ్‌నగర్ వచ్చేశాను. మా ఇంటాయన కోడెను కట్టి వచ్చాడు. అందరూ బతికి బయటపడ్డావన్నారు. నాకు మాత్రం కొత్త పరేషాన్ మొదలైంది.

పనులు చేసుకుంటూ ఒక్కో మాటా బయటికి పలికి చూసుకునేదాన్ని. ఉప్పు ఉంది. పప్పుల పేర్లన్నీ ఉన్నాయి. రామగుండం ఉంది. చనిపోయిన వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. పలికి చూడనిది ఒక్కటే. సారు తీసిన ఆ ముక్క సరిగ్గా ఆ పేరు అడిగిన చోటిది. దాని మీద మిగతా మాటలన్నీ పరీక్షించారు, అది ఒక్కటి తప్ప. మనసులో ఉంది, స్పష్టంగా ఉంది. కానీ మనసులో ఉండడం లెక్కలోకి రాదని నా బిడ్డే చెప్పింది కదా. నోటికి రావాలి. ఎవరినీ అడగలేను. అడిగితే నవ్వుతారు. ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, ఈ మనిషి పేరు నా తలలో నుంచి కోసి పారేశారేమో అని చూస్తూ ఉండేదాన్ని. గడ్డ మళ్లీ మొలిస్తే మొదట పోయేది ఈ పేరే అనిపించేది. పోయినా నాకు తెలియనే తెలియదు.

మళ్లీ స్కానింగ్‌కు పోవలసిన రోజు వచ్చింది. రేపు రైలు అనగా, ఈరోజు పొద్దున ఆయన వాకిట్లో డ్రమ్ము నింపుతున్నాడు. నల్లా చప్పుడు గట్టిగా వస్తోంది. నేను వంటింటి తలుపు దగ్గరికి వేసి, పొయ్యి కట్టేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను. చెప్పబోయాను. మొదటి అక్షరం దగ్గరే నాలుక ఆగింది. గట్టు పట్టుకున్నాను. ఉప్పు అన్నాను, వచ్చింది. రామగుండం అన్నాను, వచ్చింది. కళ్లు మూసుకుని, ఆ గడపనూ, అడ్డం నిలబడిన ఆడబిడ్డలనూ ముందు పెట్టుకుని మళ్లీ అన్నాను. వచ్చింది. మొత్తం వచ్చింది. అనుకున్నదానికన్నా చాలా గట్టిగా వచ్చింది.

బయట బకెట్టు పడిన చప్పుడైంది. తలుపు తోసుకుని ఆయన లోపలికి వచ్చాడు, తడి కాళ్లతో.

"ఏమన్నవే?"

"ఏమనలే."

"అన్నవ్. నన్నే అన్నవ్."

నా తల మీది కుట్ల చార చూశాడు, నా కళ్లు చూశాడు. ఫోన్ తీసి బిడ్డకు కలిపి, గట్టిగా వినబడేలా పెట్టాడు.

"బిడ్డా, రేపటిదాక ఆగద్దు. మీ అవ్వ నన్ను పేరు వెట్టి పిలిచిందే. తలకాయ మల్ల కరాబైంది."

అటువైపు దవాఖానలో ఎవరో ఎవరినో పిలుస్తున్న చప్పుడు, బండి తోస్తున్న చప్పుడు. తర్వాత నా బిడ్డ గొంతు వచ్చింది.

"బాపూ. ఎట్ల పలికింది? తెగి తెగి వచ్చిందా, సాఫ్‌గ వచ్చిందా?"

ఆయన నా వైపు చూశాడు.

"సాఫ్‌గనే వచ్చింది" అన్నాడు.

నా బిడ్డ ఊపిరి వదిలిన చప్పుడు ఫోన్‌లో నుంచి నా దాకా వచ్చింది. "రేపు పొద్దుగాల రైలుకే తోల్కరా. స్కానింగ్ అయితే చెయ్యాలె" అని పెట్టేసింది.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకోకుండా అలాగే నిలబడ్డాడు.

"మల్ల ఒక్కపాలి అను" అన్నాడు.

"నల్లా పారుతుంది. పోయి బంద్ చెయ్యి" అన్నాను.